ముసురులో లష్కరు సైకిలు

కణేకల్లు చుట్టుపక్కల ఊళ్ళలో మబ్బు పట్టిందంటే జనం వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూస్తారు. లష్కరు కుళ్ళాయప్ప మాత్రం సైకిలు వైపు చూసేవాడు. గోడకు ఆనించిన సైకిలు పక్కన గొంతుక్కూర్చొని, వెనక టైరును బొటనవేలితో రుద్ది, డైనమో మూతి దానికి గట్టిగా ఆనుతోందో లేదో చూసి లేచేవాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. పక్కింటి గురప్ప అరుగు మీద నుంచి, "ఈ తూరి మోసం చేయదులే కుళ్ళాయప్పా, బాగా పడ్తాది" అని సంబరంగా కేకేస్తే, "పడనీలే అన్నా" అని తలెత్తకుండానే అనేవాడు. చినుకు కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసే సీమలో పుట్టి, వానంటే భయపడే మనిషి తనొక్కడేనేమో అని అతనికి లోపల సిగ్గుగా ఉండేది.

లష్కరంటే తుపాకీ పట్టినవాడు కాదు. తుంగభద్ర నుంచి వచ్చే పెద్దకాలువకు పుట్టిన పిల్లకాలువల మీద ప్రభుత్వం పెట్టిన కాపలా మనిషి. గట్టు మీద తిరుగుతూ ఎక్కడ నీరు ఊరుతోందో, ఎలుక ఎక్కడ బొక్క చేసిందో, ఎవరు రాత్రిపూట తూము తలుపెత్తి తమ మడికి నీళ్ళు మళ్ళించుకుంటున్నారో చూసుకోవాలి. కుళ్ళాయప్ప తండ్రి ఆ కాలువ తవ్వకంలో మట్టి మోశాడు. ఆ పరిచయంతోనే డెబ్భై రెండులో కొడుక్కు పని దొరికింది. ఊరి పక్క రాతి వంతెన దగ్గర మొదలై కాలువ చివరి తూము దాకా అతని హద్దు. ఒకపక్క మనిషి మునిగే నీళ్ళు. రెండోపక్క నల్లరేగడి చేలలోకి జారుడు. మధ్యన బండి పట్టేంత దారి. శ్రావణంలో వదిలిన నీళ్ళు పుష్యం దాకా పారుతాయి. ఆ అన్ని రోజులూ పొద్దు వాలాక ఒకసారి, కోడి కూయకముందు ఒకసారి ఆ దారి మీద సైకిలు పోవాలి.

పనిలో చేర్చుకున్నది పట్టపగలు. చీకట్లో నీకేం కనిపిస్తుందని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాడు.

కుళ్ళాయప్పకు రేచీకటి. చిన్నప్పుడు కోళ్ళు గూట్లో చేరే వేళకు వాడూ ఇంట్లో చేరేవాడు. వాళ్ళమ్మ మేక కార్జం నిప్పుల మీద కాల్చి పెట్టింది. మునగాకు వండి పెట్టింది. ఎవరో చెప్పారని ఏదో ఆకు పసరు కళ్ళల్లో పిండింది. ఏదీ పని చేయలేదు. దానికి కారణం అప్పుడు ఎవరికీ తెలియదు. వాళ్ళ నాయన సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు. ఆ వంశంలో అంతకుముందే పెద్దనాయన ఒకడికి మొదట రాత్రి చూపు, తర్వాత పగటి చూపు పోయాయి. ఆ పెద్దనాయన చేతికర్ర కొస పట్టుకొని చేనుకూ ఇంటికీ నడిపించింది పదేళ్ళ కుళ్ళాయప్పే. ఒక రోజు దారిలో పెద్దనాయన ఆగి, "నాకూ నీ మాదిరే మొదలయ్యె రా" అన్నాడు. ఆ మాట కుళ్ళాయప్పకు గుర్తుండిపోయింది.

అందుకే సైకిలు లైటంటే అతనికి ప్రాణం. చీకట్లో ఆ లైటు పడిన మేరే అతనికి లోకం. దాని అంచు దాటితే గట్టు లేదు, నీళ్ళు లేవు, చెట్టు లేదు. మిగతావాళ్ళు చుక్కల వెలుతురులో చేను దాకా పోయి వస్తామంటే, ఊరికే గొప్పలు పోతున్నారనుకునేవాడు చాలా ఏళ్ళు.

ఆ లైటు డైనమోది. చక్రం తిరిగితే వెలుగు, ఆగితే చీకటి. కాబట్టి కుళ్ళాయప్ప గట్టు మీద ఎక్కడా ఆగేవాడు కాదు. తూము దగ్గర నీటిమట్టం చూడాలంటే సైకిలును స్టాండు మీద ఎత్తి నిలబెట్టి, చేత్తో పెడలు తిప్పుతూ, హ్యాండిలును గీతల రాయి వైపు మళ్ళించేవాడు. ఎవరైనా పలకరిస్తే వాళ్ళ చుట్టూ సైకిలు తిప్పుతూ మాట్లాడేవాడు.

"ఏమప్పా లష్కరూ, దిగి మాట్లాడితే నీ ఉద్యోగం పోతాదా?" అని చివరి తూము కింద వరి పెట్టిన నరసింహప్ప ఒకసారి గట్టిగానే అడిగాడు.

"పనుండాదన్నా."

"మాకు లేదా పని? ఏం పొగరప్పా నీకు!"

పొగరు అన్న పేరే మంచిదనుకున్నాడు కుళ్ళాయప్ప. గుడ్డివాడు అనే పేరు కంటే మంచిదే కదా.

ఎండిన రోజుల్లో ఇదంతా ఎలాగో గడిచేది. వాన పడితేనే వచ్చేది తంటా. తడిసిన టైరు మీద డైనమో మూతి జారుతుంది. జారితే తిరగదు. లైటు పసుపు పచ్చనై, ఎర్రబడి, లోపల తీగ ఒక్కటే నిప్పుకణంలా కనిపించి, ఆరిపోతుంది. దానికి తోడు నల్లరేగడి బురద మడ్గార్డు కింద గూడు కట్టుకొని చక్రాన్నే పట్టేస్తుంది. తీగ అతుకుల్లో నీళ్ళు దిగితే టైరు బాగున్నా ప్రయోజనం లేదు. పై అధికారి గురుమూర్తి సారు ఇప్పించిన టార్చి ఉండేది కానీ, బురదలో రెండు చేతులూ హ్యాండిలుకే చాలవు, టార్చి పట్టేదెవరు? హ్యాండిలుకు లాంతరు తగిలిస్తే దాని వెలుగు దారి మీద కాక కళ్ళల్లో పడేది.

బస్టాండు పక్కన సైకిలు షాపు ఖలందర్‌కు ఇతని బాధ తలనొప్పి అయిపోయింది. పంక్చరు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళను చూశాడు, బ్రేకులు మార్పించుకునేవాళ్ళను చూశాడు. నాలుగు రోజులకోసారి లైటు కోసమే వచ్చేవాణ్ణి ఇతన్నే చూశాడు.

"వానొస్తే యవుడైనా ముసుగు తన్ని పండుకుంటాడు కదప్పా. నీ ఒక్కనికే ఏం తిక్క?"

"డ్యూటీ ఖలందరన్నా."

"మీ సారు గూడా ఇంత అడగడు నిన్ను."

తిడుతూనే చేసేవాడు. డైనమో మూతికి పాత ట్యూబు ముక్కను ఉంగరంలా తొడిగాడు. తీగ అతుకుల మీద కొవ్వొత్తి మైనం పోసి, పైన మళ్ళీ ట్యూబు చుట్టాడు. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కాగితం చించి లైటు వెనక కట్టాడు. గుగ్గిలం పొడి చేసి టైరు పక్కకు రాస్తే పట్టు దొరుకుతుందని చెప్పింది కూడా అతనే. దొరికింది, తొలి చినుకుల వరకు. ఆ తర్వాత వాన దాన్నీ కడిగేసేది. కుళ్ళాయప్ప మర్నాడు పొద్దున్నే మళ్ళీ షాపు ముందు.

ఇంట్లో భార్య తిరుపాలమ్మకు ఈ గోల అర్థమయ్యేది కాదు. ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. మాట కరుకు, పని చురుకు. దీపం ఆర్పనివ్వని మొగుడు దయ్యాలకు భయపడతాడని పెళ్ళైన కొత్తలో నవ్వుకుంది. తర్వాత అలవాటు పడింది. కూతురు సుశీల నడక నేర్చాక ఇంకో పిచ్చి పట్టుకుంది ఆయనకు. పొద్దు గుంకగానే వాకిట్లో చింతపిక్క విసిరి, "తీసుకురా పో" అనేవాడు. పిల్ల పరుగెత్తి తెచ్చేది. తెచ్చిన చేతిని గట్టిగా పట్టుకొని వదిలేవాడు కాదు. మర్నాడు సందెకు మళ్ళీ అదే.

"రోజూ ఏమి ఆట ఇది? పాప దోమలకు కొట్టుకుంటాండాది, లోపలికి పంపీ" అనేది తిరుపాలమ్మ.

"ఒక్కసారే, ఒక్కసారే" అనేవాడు.

డెబ్భై తొమ్మిదిలోనో ఎనభైలోనో, కార్తీకంలో, తూర్పున సముద్రంలో వాయుగుండం పుట్టి దాని తోక అనంతపురం మీద పడింది. ఎడతెగని ముసురు. కాలువ అప్పటికే నిండుగా పారుతోంది. దాని మీద వాననీరు చేరి గట్టు అంచులకు ఎగబాకింది. సెక్షన్ సూపర్వైజరు గురుమూర్తి మోటారు సైకిలు మీద తడిసి ముద్దై వచ్చి, ఇంటి ముందు దిగకుండానే చెప్పాడు.

"కుళ్ళాయప్పా, పై నుంచి నీళ్ళు తగ్గించమని కబురు పంపినా. తగ్గేదాకా గట్టు నీదే. ఒకటికి రెండు సార్లు తిరుగు. గండి పడిందంటే కింద వరంతా కొట్టుకపోతాది."

"తిరుగుతా సార్."

"లైటు బాగుందా?"

మామూలుగా అడిగిన మాటే. కుళ్ళాయప్ప మాత్రం డైనమో మీద చెయ్యి వేసి చూశాడు. "బాగుండాది సార్" అన్నాడు.

ఆ సాయంత్రం తిరుపాలమ్మ పెట్టిన సంగటి సగం వదిలేసి లేచాడు. కంబళి కప్పుకున్నాడు. గుగ్గిలం డబ్బా జేబులో వేసుకున్నాడు. టార్చి అంతకుముందు వానకే తడిసి పాడైంది. వంతెన దాటి గట్టెక్కేటప్పటికి ఇంకా మసక వెలుతురుంది. దాన్ని పట్టుకొని పోయినంత దూరం పోదామని పెడళ్ళు తొక్కాడు. బురద చక్రాన్ని పట్టి లాగుతోంది. సగం దారిలో చీకటి ఒక్కసారిగా పడింది. లైటు మొదట బాగానే వెలిగింది. తర్వాత డైనమో కుయ్యిమనే చప్పుడు మారి, గరగరలాడి, ఆగి ఆగి పలికింది. దారి పచ్చబడింది. ఎర్రబడింది. లేదు.

దిగి నిలబడ్డాడు. తుండుగుడ్డతో టైరు తుడిచాడు. గుడ్డే తడి. కంబళి కిందికి వెనక చక్రాన్ని ఎత్తి పట్టి, లోపలి చొక్కా అంచుతో తుడిచి, గుగ్గిలం రాసి చేత్తో పెడలు తిప్పాడు. చక్రం తిరిగింది, డైనమో తిరిగింది, లైటు రాలేదు. ఎక్కడో అతుకులో నీళ్ళు దిగాయి. వేళ్ళతో తీగ వెంబడి తడుముకుంటూ పోయాడు. ఖలందర్ పోసిన మైనం ఒకచోట పెళ్ళగా ఊడి చేతికి వచ్చింది.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. వాన చప్పుడు కాదు, కాలువ చప్పుడు కాదు. ఎవరో బిందె వంచి పోస్తున్నట్టు, ఎడమ పక్క, చేల వైపు, కిందుగా. గట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

పోయి చూడాలి. ఎంత బొక్కో తెలుసుకోవాలి. ఊళ్ళోకి పరుగెత్తి మనుషుల్ని తేవాలి. ఈ మూడు పనుల్లో ఒక్కటి కూడా తాను చేయలేడు. కేకేశాడు. గాలి ఆ కేకను నోటి దగ్గరే పీకి పారేసింది. సైకిలు ముందు చక్రాన్ని గుడ్డివాడి కర్రలా నెట్టుకుంటూ రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు చక్రం కుడివైపు కిందికి జారింది. నీటి పక్క! వెనక్కి లాగి, సైకిలును రెండు చేతులా కావలించుకొని నిలబడిపోయాడు. ఒక్క లైటు ఆరిపోతే ఇంత పెద్ద మగవాడు మేకపిల్లలా నిలబడాల్సి వచ్చింది. పెద్దనాయన చేతికర్ర కొస గుర్తొచ్చింది. ఆ చప్పుడు ఎక్కువవుతోందో, తన చెవులే అలా వింటున్నాయో తేల్చుకోలేక, కాళ్ళు మార్చి మార్చి వేస్తూ అలాగే ఉన్నాడు.

"ఓయప్పా! ఏమైంది?"

తిరుపాలమ్మ గొంతు. తిరిగి రావాల్సిన వేళ దాటిపోయిందని, పిల్లను గురప్ప ఇంట్లో వదిలి, గోనెసంచి మడిచి నెత్తిన వేసుకొని, లాంతరు పట్టుకొని వెతుక్కుంటూ వచ్చింది.

"ఈడ ఉండా" అన్నాడు.

"ఈడ ఉంటే ఆ పక్క చూస్తాండావేమి? నేను ఈ పక్కన్నుంచి వస్తాంటే?"

మొహం తిప్పాడు. దూరాన ఎర్రటి చుక్క ఒకటి ఊగుతూ కనిపించింది. పున్నమి దగ్గర పడిన రోజులు. మబ్బుల వెనక చంద్రుడుండి బూడిదరంగు వెలుతురు గట్టంతా పరుచుకొని ఉంది. ఆ వెలుతురులో తిరుపాలమ్మకు చాలా దూరం నుంచే మొగుడూ సైకిలూ కనిపించారు. అతనికి మాత్రం లాంతరు చుక్క. ఆమె దగ్గరికొచ్చి, లాంతరు వెనక్కి దాచి, రెండో చెయ్యి అతని మొహం ముందు ఆడించింది. అతని కన్ను కదల్లేదు.

"నా చెయ్యి కనపల్లేదా నీకు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పట్నుంచి" అన్నాడు. అని వెంటనే, "అది తర్వాత మాట్లాడుదువులే. ముందు ఎడమ పక్క దిగి చూడు. నీళ్ళు కారే సద్దు" అన్నాడు.

ఆమె దిగింది. కాసేపటికి కింద నుంచి కేక. "చెయ్యి పట్టేంత బొక్క! మన్ను జారతాండాది!" పైకెక్కి వచ్చి లాంతరు అతని చేతిలో పెట్టింది.

"నాకు ఈ వెలుతురు చాలు. ఇది నువ్వు పట్టుకో. ఈన్నే ఉండు, కదలొద్దు. దీన్ని చూసి వస్తారు మనుషులు."

చీర కుచ్చెళ్ళు గోచీ పోసుకొని ఊరి వైపు పరుగు తీసింది. ఆ లాంతరును రెండు చేతులా ఎత్తి పట్టుకొని, వాన దాని మీద పడకుండా కంబళి అడ్డం పెట్టి నిలబడ్డాడు కుళ్ళాయప్ప. నరసింహప్పా, గురప్పా, ఇంకా పదిమంది ఇసుక సంచులూ కంపలూ మోసుకొని వచ్చారు. తెల్లవారేదాకా బొక్క పూడ్చారు. గట్టు నిలబడింది.

మర్నాడు ఊరంతా లష్కరు మాటే. గండి పడబోతే అంత వానలో లాంతరు పట్టుకొని ఒక్కడే కాపలా నిలిచినాడని. నరసింహప్ప ఇంటికొచ్చి, "నిన్ను పొగరుబోతు అంటి కదప్పా, మనసులో పెట్టుకోవద్దు" అని చేతులు పట్టుకున్నాడు. కుళ్ళాయప్ప ఆ చేతులు విడిపించుకొని ఎద్దుకు నీళ్ళు పెట్టాలని దొడ్లోకి పోయాడు. వాళ్ళకు ఎద్దు లేదు.

తిరుపాలమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. సందె వేళ ఆమే వాకిట్లో చింతపిక్క విసిరి పిల్లను పంపడం చూశాడు. అయిదో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"మా నాయనకు చెప్పినారా ఈ సంగతి?"

"లేదు."

"చెప్పింటే పిల్లనిచ్చే వాళ్ళు కాదని."

"ఊఁ."

"సరే, నాకు? ఇన్నేండ్లుగా నాకు గూడా?"

కంచంలో కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతూ కూర్చున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, గొంతూ పెంచలేదు. "ముసురు తగ్గినాక బళ్ళారి పెద్దాస్పత్రికి పోదాం" అంది అంతే.

బళ్ళారిలో డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి కంట్లోకి చాలాసేపు చూశాడు. అమ్మా నాయనా దగ్గరి చుట్టాలా అని అడిగాడు. కంటి వెనక పొర కొద్దికొద్దిగా చెడుతోందనీ, దీనికి మందు లేదనీ, పగటి చూపు ఇంకా చాలా ఏళ్ళు ఉండొచ్చనీ నిదానంగా చెప్పాడు. పిల్లను కూడా చూసి, ఇప్పటికైతే ఏమీ లేదన్నాడు. బస్సులో తిరిగి వస్తూ కుళ్ళాయప్ప కిటికీలోంచి కనిపించిన ప్రతి గుట్టనూ తల తిప్పి తిప్పి చూశాడు. రాయదుర్గం దాటాక తిరుపాలమ్మ నోరు విప్పింది.

"కాలువ ఆగేదాకా నేను వెనకాల కూర్చుంటా. లాంతరు నేను పట్టుకుంటా."

"నవ్వుతారే జనం."

"నవ్వనీ. నీళ్ళలో పడితే ఏడుస్తారా వాళ్ళు?"

నవ్వారు. లష్కరు పెండ్లాన్ని రోజూ ఊరేగిస్తాండాడని వంతెన మీద కూర్చున్న కుర్రకారు ఈలలు వేశారు. కానీ వెనక కూర్చున్న మనిషి ఎత్తిన లాంతరు ముందు మనిషి వీపుకే సగం అడ్డం పడేది. బురదలో ఇద్దరి బరువుతో సైకిలు అటూ ఇటూ పోయేది. రెండుసార్లు చేలలోకి జారి పడ్డారు. కాలువ పక్క పడలేదు కాబట్టి సరిపోయింది.

పుష్యంలో నీళ్ళు ఆగి, ఎండాకాలానికి కాలువ అడుగు ఇసుక తేలింది. ఒక మధ్యాహ్నం తిరుపాలమ్మ సైకిలును ఆ ఇసుకలోకి దింపింది. రెండు పక్కలా గట్టు ఎత్తు, ఊరికి కనిపించదు.

"నేర్పీ" అంది.

గోచీ పోసుకొని మగవాళ్ళ సైకిలు బారు మీద నుంచి కాలు వేసింది. కుళ్ళాయప్ప క్యారియరు పట్టుకొని వెనక పరుగెత్తాడు. పట్టు వదిలితే పడేది. లేచి ఇసుక దులుపుకొని, వదిలినందుకు తిట్టేది. పట్టుకుంటే, ఎన్ని రోజులు పట్టుకుంటావని మళ్ళీ తిట్టేది. చైత్రం ముగిసేటప్పటికి ఎండిన కాలువలో ఒక తూము నుంచి ఇంకో తూము దాకా ఒక్కతే పోయి, మలుపు తిరిగి, మొగుడి ముందు బ్రేకు వేసి ఆగింది. ఆయన మొహంలో నవ్వు చూసి తానూ నవ్వింది. గట్టు మీద ఆ సంగతి తెలిశాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మరుసటి శ్రావణం నుంచి సైకిలు ఆమెది, వెనక సీటు ఆయనది. ఎండిన రోజుల్లో మామూలుగా ఒక్కడే పోయేవాడు. మబ్బు పడితే ఇద్దరూ. తిరుపాలమ్మకు చుక్కల వెలుతురే దారి చూపించేది కానీ, లైటు లేకుండా గట్టెక్కనిచ్చేవాడు కాదు కుళ్ళాయప్ప. వెనక కూర్చున్నాక అతనికి ఇన్నేళ్ళూ దొరకని ఉపాయం దొరికింది. ఒంగితే డైనమో చేతికి అందుతుంది. గుడ్డ ముక్క మడిచి టైరు పక్కకు నొక్కి పట్టి, చక్రం తిరుగుతుండగానే తుడిచేవాడు. రెండో చేత్తో డైనమోను టైరుకు అదిమి పట్టేవాడు. ఎంత వానలోనూ జారేది కాదు. లైటు తగ్గకముందే దాని చప్పుడు మారడం అతని చెవికి తెలిసేది. చెయ్యి బురదతో, చర్మం చెక్కుకుపోయి ఉండేది. అయినా ఒక్క క్షణం వదిలేవాడు కాదు.

"చెయ్యి తీయప్పా కాసేపు. కనపడ్తాండాది లే నాకు" అనేది ఆమె.

"నువ్వు ముందు చూడు" అనేవాడు.

గట్టులో ఊట చప్పుడు ఆయన వినేవాడు. చూసేది ఆమె. అలా ఒక ఏడు కాలువ పారకం గడిచిందో లేదో గురుమూర్తి కంటపడ్డారు. ఒక ముసురు సాయంత్రం వంతెన మీద మోటారు సైకిలు ఆపుకొని నిలబడి ఉన్నాడాయన. ఆడమనిషి సైకిలు తొక్కుతూ గట్టు దిగి వస్తే, వెనక తన లష్కరు ఒంగి చక్రం పట్టుకొని కూర్చొని ఉంటే, ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఏమప్పా ఇది?" అన్నాడు.

తిరుపాలమ్మ ఏదో చెప్పబోయింది. కుళ్ళాయప్ప సైకిలు దిగి, గొంతు వినిపించిన వైపు నిలబడి చెప్పేశాడు. "నాకు రేచీకటి సార్. చీకటి పడితే ఏమీ కనపడదు. పనిలో చేరినప్పట్నుంచీ అంతే."

గురుమూర్తి మోటారు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఇది నేను పైకి రాస్తే నీ ఉద్యోగం పోతాది. రాయకుంటే, నువ్వు కాలువలో పడిన రోజు నా ఉద్యోగం పోతాది. నన్నేం చేయమంటావు?"

"పడనీను సార్" అంది తిరుపాలమ్మ.

"నిన్నడగలేదమ్మా" అన్నాడాయన. అని, ఆ మాటకు తనే నొచ్చుకున్నట్టు మెత్తబడి, "పగటి పని ఏదైనా ఖాళీ అయితే చూస్తా. అందాకా జాగ్రత్త" అని బండి ఎక్కాడు.

ఆ పగటి పని ఖాళీ కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా ప్రతి వానకూ కుళ్ళాయప్ప, ఈ రోజు సారు మనసు మారుతుందేమో, ఈ రోజు కాగితం వస్తుందేమో అని ఊరికి వచ్చే ప్రతి మోటారు సైకిలు చప్పుడుకూ ఉలిక్కిపడేవాడు. పగటి చూపు కూడా అంచుల్లో తరుగుతూ వచ్చింది. పక్కన నడిచే మనిషి కనిపించక ఢీకొట్టేవాడు. ఎనభై ఆరులో గురుమూర్తి బదిలీ మీద పోతూ పోతూ చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. కుళ్ళాయప్పను పెద్దకాలువ తలుపుల దగ్గర పగటి కాపలాకు మార్చారు. గట్టు పని జయరాముడు అనే కొత్త కుర్రవాడికి వచ్చింది.

ఆ ఏడు తొలి ముసురు పట్టిన రాత్రి కుళ్ళాయప్ప తొందరగా తిని పడుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాన చప్పుడు వింటూ నిద్ర పట్టింది. మెలకువ వచ్చి చెయ్యి చాపితే పక్కన తిరుపాలమ్మ లేదు.

"ఏమ్మే?"

"ఈడే ఉండా." తలుపు దగ్గర నుంచి. "పండుకో."

"ఏం చేస్తాండావు?"

"ఏమీ లేదు. గట్టు మీద లైటు యాడా కనపల్లేదు. జయరాముడు ఇంత సేపటికి వంతెన దాటాల."

"వాడు పోయింటాడులే. మనకేమి ఇప్పుడు?"

"మనకేమీ లేదు" అంది. వచ్చి పడుకుంది. అటు పొర్లింది, ఇటు పొర్లింది. లేచి మళ్ళీ తలుపు తీసింది. చలిగాలి లోపలికి కొట్టి దీపం ఆరిపోయింది. కాసేపటికి సైకిలు స్టాండు తీసిన చప్పుడు.

"మే! ఒక్కదానివే యాడికి? నేనూ వస్తా, ఉండు" అని చీకట్లో లేచి గోడ తడుముకుంటూ వాకిలి దాకా వచ్చేటప్పటికి ఆమె వెళ్ళిపోయింది. డైనమో శబ్దం వీధి మలుపు దాకా వినిపించి వానలో కలిసిపోయింది.

కుళ్ళాయప్ప గడప మీద కూర్చున్నాడు. డైనమో అదిమి పట్టడానికి వెనక ఎవరూ లేరు. టైరు తడిసి ఉంటుంది. వంతెన దాటాక మలుపులో గట్టు కుంగి ఉంటుంది, ఆమెకు తెలుసో తెలియదో. తెలుసులే. తనకంటే బాగా తెలుసు. లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. లోపల సుశీల నిద్రలో ఏదో గొణిగింది. లేచి వాకిట్లోకి నాలుగడుగులు వేసి, వానలో తడిసి వెనక్కి వచ్చాడు. ఇంత కాలం తన కోసం ఈ గడప మీద ఆమె ఎలా కూర్చుందో అన్న ఆలోచన అప్పుడు మొదటిసారి వచ్చింది.

వాన సన్నగిల్లాక సైకిలు చప్పుడు వినిపించింది. ఆమె బురద కాళ్ళతో వచ్చి సైకిలు గోడకు ఆనించింది.

"కాలువ బాగుండాది. మూడో తూము కింద కొంచెం ఊట, అంతే" అంది ఆయాసపడుతూ.

"జయరాముడో?"

"ముసుగు తన్ని పండుకోనుండాడు. తలుపు దబదబా కొట్టి లేపినా. లైటు పని చేయడం లేదంట అయ్యగారికి! మన సైకిలు దుడుచుకోనే గుడ్డ వాని మొహాన కొట్టి, గట్టు మీదికి తోలి వస్తి."

కుళ్ళాయప్పకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఆగలేదు.

"నవ్వేది చాలు గానీ, పొడి చీర యాడుండాదో చూసి తీసుకురా" అంది ఆమె జుట్టు పిండుకుంటూ. "సరేలే, నీకెట్ల కనపడ్తాది. దీపం ముట్టించు, నేనే తీసుకుంటా."